సున్నా టికెట్టు... సవాలక్ష షరతులు!

పొద్దున్న ఏడున్నరకి భీమడోలు సెంటర్లో నిలబడితే చాలు, ఆడపిల్లల చదువు ఎంత దూరం వచ్చిందో కళ్లారా చూడొచ్చు. జాతీయ రహదారి మీద లారీలు రయ్యిమని పోతుంటాయి. రోడ్డుకి ఈపక్కన కొందరు, ఆపక్కన కొందరు... భుజాన బ్యాగు, చేతిలో టిఫిన్ బాక్సు, తలలో ఇంకా తడి ఆరని జడ. పడమటి వైపు వెళ్లేవాళ్లు ఏలూరు కాలేజీలకి, తూర్పు వైపు వెళ్లేవాళ్లు తాడేపల్లిగూడేనికి. కొల్లేటి గట్టున ఉన్న అగడాలలంక నుంచి ఆటోలో వచ్చి ఇక్కడ బస్సు మారేవాళ్లూ ఉంటారు. ఉత్తరం వైపు తిరిగితే పదిహేను కిలోమీటర్లు అటూ ఇటూగా ద్వారకా తిరుమల. ముహూర్తాల రోజుల్లో ఆ దారిలో పెళ్లి బస్సులు బారులు తీరతాయి.

కాలేజీ బస్సు ఒకవైపు, పెళ్లి బస్సు ఒకవైపు. ఆ రెంటి మధ్యా నిలబడ్డ పిల్ల ఎటు ఎక్కాలి?

ఇప్పుడు బస్సెక్కడానికి డబ్బులు కూడా అక్కర్లేదు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు మొదలుకుని ఎక్స్‌ప్రెస్ వరకూ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. 'ఛార్జీలు ఎక్కణ్నుంచి తేవాలి, చదివింది చాల్లే' అనే సాకు ఒకటి అలా పోయింది. మంచిదే. కాకపోతే కండక్టరు దగ్గర సున్నా టికెట్టు తీసుకునే ముందు ఆ పిల్ల ఇంట్లో ఇంకో టికెట్టు తీసుకుని వచ్చింది. దానిమీద రాసి ఉన్నది మాత్రం సున్నా కాదు.

ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి. ఫోను చేస్తే వెంటనే ఎత్తాలి. ఫోనులో ఎక్కువసేపు మాట్లాడకూడదు. క్లాసులో ఫస్టు రావాలి. నలుగురి నోళ్లలో పడకూడదు. లోకజ్ఞానం ఉండాలి. లోకం పోకడలు అంటకూడదు. ధైర్యంగా ఉండాలి. గట్టిగా మాట్లాడకూడదు.

ఒక్కో షరతునీ విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. అన్నీ కలిపి ఒక్క మనిషి నెత్తిన పెడితేనే తెలుస్తుంది... ఇవి ఒకదానికొకటి పడనివని.

చదువుకో... కానీ!

ఆడపిల్లకి చదువెందుకు అనేవాళ్లు ఇప్పుడు దాదాపు కనిపించరు. 2021-22 నాటి కేంద్ర విద్యాశాఖ లెక్కల ప్రకారం ఉన్నత విద్యలో చేరేవాళ్ల నిష్పత్తి ఆడపిల్లల్లో 28.5 శాతం, మగపిల్లల్లో 28.3 శాతం. అంటే వెంట్రుకవాసి తేడాతోనైనా అమ్మాయిలే ముందున్నారు. ఏలూరులో సెయింట్ థెరిసా మహిళా కళాశాల 1953లో మొదలైంది. ఆ కాలంలో కూతుర్ని కాలేజీకి పంపడమంటే ఊరు ఊరంతా చెప్పుకునే మాట. 2015లో తాడేపల్లిగూడేనికి ఏకంగా ఎన్ఐటీ వచ్చింది. ఎన్ఐటీల్లో అమ్మాయిలు మరీ తక్కువగా ఉన్నారని 2018లో వాళ్ల కోసం అదనపు సీట్లు పెట్టడం మొదలుపెట్టారు. ఆ ఏడాది కనీసం 14 శాతం లక్ష్యమైతే, 2020 నాటికి 20 శాతం చేశారు.

చదువు వద్దన్నవాళ్లు లేరు. వచ్చిన చిక్కల్లా 'కానీ' అన్న చిన్న మాటతోనే.

ఒక నాన్న పొద్దున్న టీ కొట్టు దగ్గర 'మా అమ్మాయికి మంచి ర్యాంకు వచ్చిందండీ' అని గర్వంగా చెబుతాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామ్మ అందుకుంటుంది. 'ఇంకా పై చదువులంటే దానికి తగ్గవాణ్ని ఎక్కణ్నుంచి తెస్తావురా? అంత కట్నం పోయగలవా?' అంటుంది. ఆ నాన్న అబద్ధం చెప్పలేదు. ఆ మామ్మా శత్రువు కాదు. ఇద్దరూ ఆ పిల్ల మంచే కోరుకుంటున్నారు. పొద్దుటి మంచికి, సాయంత్రపు మంచికి మాత్రం పొత్తు కుదరడంలేదు.

చదువు ఎక్కువైతే పెళ్లికొడుకు దొరకడు. తక్కువైతే మంచి సంబంధం రాదు. మరి ఎంత చదవాలి? కూరలో ఉప్పులా 'సరిపడా' చదవాలి. ఆ సరిపడా ఎంతో చెప్పేది మాత్రం ఇంకా ముఖం కూడా చూడని పెళ్లికొడుకు!

పెళ్లిచూపుల తక్కెడ

పెళ్లి సంబంధాల ప్రకటనలు ఓపిగ్గా చదివితే నవ్వూ వస్తుంది, దిగులూ వేస్తుంది. 'ఉన్నత విద్యావంతురాలు, ఉద్యోగం చేయుచున్న, సంప్రదాయబద్ధమైన, అణకువ గల వధువు కావలెను.' ఇలాంటివి కోకొల్లలు. ఉద్యోగానికి ఇంటర్వ్యూలో తలెత్తి, కళ్లలోకి చూసి మాట్లాడాలని కాలేజీలో నేర్పిస్తారు. పెళ్లిచూపుల్లో అలా చూస్తే 'పిల్ల కాస్త గడుసుదిలా ఉంది' అంటారు. తలదించుకుంటే 'మరీ పల్లెటూరి పిల్లలా ఉంది, రేపు అమెరికాలో ఎలా నెగ్గుకొస్తుంది?' అంటారు. సోమవారం మెచ్చుకున్న గుణమే ఆదివారానికి తప్పయి కూర్చుంటుంది.

పెళ్లయ్యాక తక్కెడ ఇంకాస్త బరువెక్కుతుంది. కోడలి జీతం కావాలి. కోడలి చేతి పొద్దుటి కాఫీ కూడా కావాలి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సర్వేలో, జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. మగవాళ్లు 88 నిమిషాలు. అదైనా ఆ పనుల్లో చెయ్యి పెట్టే మగవాళ్ల సగటే! 289 నిమిషాలంటే ఐదు గంటలకు పదకొండు నిమిషాలు తక్కువ. ఆఫీసులో ఎనిమిది గంటలు, రానూపోనూ రెండు గంటలు, దాని పైన ఈ ఐదు గంటలు. నిద్రకి ఏం మిగిలిందో వేళ్లమీద లెక్కేసుకోవచ్చు.

పోనీ చదువులో, ఉద్యోగంలో శిఖరం అందుకుంటే ఈ ప్రశ్నలు ఆగుతాయా? హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా మహిళల డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా నిలిచింది. 2016లో ఆమె ఆత్మకథ విడుదలైనప్పుడు ఓ పేరున్న పాత్రికేయుడు టీవీలో ఇంటర్వ్యూ చేస్తూ, మరి స్థిరపడేదెప్పుడు, తల్లి కావడం గురించి పుస్తకంలో రాయలేదేం అనే అర్థం వచ్చేలా అడిగాడు. ఇన్ని విజయాలు సాధించినా తాను స్థిరపడినట్టు కాదా అని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. మగ క్రీడాకారుణ్ని ఇలా అడిగేవాణ్ని కాదని ఆయన అక్కడికక్కడే ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. అది పెద్దమనిషి తరహా. కానీ వీధి అరుగు మీద, పెళ్లి పందిట్లో ఇదే ప్రశ్న అడిగేవాళ్లెవరూ క్షమాపణ చెప్పరు. చెప్పమని అడగగలిగే చోటు ఆ పిల్లకి ఉండదు.

ఇది మన ఒక్కళ్ల గోలా కాదు. చైనాలో చదువుకుని, ఉద్యోగం చేస్తూ, పాతికేళ్లు దాటినా పెళ్లి కాని అమ్మాయిల్ని 'మిగిలిపోయిన ఆడవాళ్లు' అనే అర్థమొచ్చే మాటతో పిలుస్తారు. 2007లో అక్కడి విద్యాశాఖ కొత్త మాటల జాబితాలో దాన్ని చేర్చింది కూడా! ఆడపిల్లలు బాగా చదవాలన్న దేశమే, చదివినందుకు ఆ పేరు పెట్టిందన్నమాట.

నూటయాభై ఏళ్ల నాటి మెలిక

గోదావరి జిల్లాలకి ఈ మెలిక కొత్తది కాదు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. ఆడపిల్లకి అక్షరం వస్తే కొంప మునుగుతుందనుకునే రోజులవి. ఎంత ఎదురీదారో చెప్పనక్కర్లేదు. 1883లో ఆడవాళ్ల కోసం ఓ పత్రిక కూడా నడిపారు. దాని పేరు 'సతీహితబోధిని'. ఆ పేరులోనే ఉంది సంగతంతా. ఆడది చదువుకోవాలి... మంచి సతి కావడానికి, బిడ్డల్ని బాగా పెంచడానికి. ఆ రోజుల్లో ఊరిని ఒప్పించాలంటే అలాగే చెప్పాలేమో! ఆ మాటతోనే తలుపు తెరుచుకుంది. కాకపోతే తలుపుతోపాటు షరతు కూడా అక్కడే నిలబడిపోయింది. 'నీ చదువు నీకోసం కాదు' అన్న షరతు.

ఆ కాలంలోనే బండారు అచ్చమాంబ ఉంది. 1874లో పుట్టింది. బడికి పంపలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ నేర్చుకుంది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో ఆడవాళ్ల జీవిత చరిత్రలు రాసింది. 1902లో మచిలీపట్నంలో స్త్రీల సమాజం స్థాపించిన వాళ్లలో ఒకరు. 1905లో చిన్నవయసులోనే చనిపోయింది. తమ్ముడి చదువుకి ఎవరూ షరతు పెట్టలేదు. అక్క మాత్రం పక్కనుంచి ఏరుకోవాల్సి వచ్చింది.

ఇక దుర్గాబాయి సంగతి. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేశారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే లోపలికి పోనివ్వలేదు. ఆ కథ అందరికీ తెలుసు. పెద్దగా చెప్పుకోని కథ ఇంకోటుంది. కాపురానికి పంపే వయసు వచ్చాక, ఊహ తెలియనప్పుడు జరిగిన ఆ పెళ్లి తనకి వద్దని ఆమె ఇంట్లో చెప్పేసింది. వందేళ్ల కిందటి మాట! తండ్రి కొట్టలేదు, తిట్టలేదు, నలుగురూ ఏమనుకుంటారని ఏడవలేదు. కూతురి పక్షాన నిలబడ్డాడు. ఆ తర్వాతే ఆమె మెట్రిక్ చదివింది, ఎం.ఏ. చదివింది, లాయరైంది, ఆంధ్ర మహిళాసభ కట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది.

పనిగట్టుకుని చెప్పుకోవాల్సింది ఆ తండ్రి గురించి. కూతురికి ఆయన ఇచ్చింది 'అనుమతి' కాదు. తన బతుకు గురించి తాను చెప్పిన మాటే ఆఖరి మాట అని ఒప్పుకోవడం. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

కొవ్వలి విజయలక్ష్మి

అంత అదృష్టం అందరికీ ఉండదు. భీమడోలు నుంచి ఏలూరు వెళ్లేదారిలో దెందులూరు తగులుతుంది. ఆ మండలంలోదే కొవ్వలి. 1960లో ఆ ఊళ్లో విజయలక్ష్మి అనే పిల్ల పుట్టింది. పేద ఇల్లు. నాలుగో తరగతితో బడి మానిపించారు. పదిహేనేళ్లు అటూ ఇటూగా ఉండగానే పెళ్లి చేశారు. ఆ కాపురం నిలవలేదు. మద్రాసు చేరింది. మొదట మేకప్ పనుల్లో ఉండి, చిన్నచిన్న వేషాలు వేసి, 1980లో ఓ తమిళ సినిమాలో వేసిన పాత్ర పేరుతో దేశమంతటికీ తెలిసింది. సిల్క్ స్మిత!

ఆ తర్వాత పదేళ్లపాటు ఆమె పాట లేకపోతే సినిమా కొనేవాడు లేడన్నంత వెలిగింది. థియేటర్లు నిండిపోయాయి. జనం ఈలలు వేశారు. ఇంటికొచ్చి మాత్రం ఆమె పేరెత్తితే పిల్లల్ని కసిరారు. 1981లో వచ్చిన 'సీతాకోకచిలక'లో ఓ ఇంటి ఇల్లాలిగా, నిండుగా చీర కట్టుకుని ఎంతో చక్కగా నటించింది. అలాంటి వేషాలు మళ్లీమళ్లీ ఇచ్చినవాళ్లు తక్కువ. జనం ఆమెను ఎలా చూడాలనుకున్నారో అలాగే చూపించారు. చూసినవాళ్లే తప్పుపట్టారు. 1996 సెప్టెంబరు 23న మద్రాసులో తన ఇంట్లోనే చనిపోయింది. అప్పటికి ముప్ఫయ్యారేళ్లు కూడా నిండలేదు.

ఇప్పుడు ఆమె మీద సినిమాలు తీస్తున్నారు, జాలిపడుతున్నారు. ఆ జాలి నాలుగో తరగతిలో బడి మానిపించినప్పుడే ఎవరికైనా కలిగి ఉంటే కథ వేరేగా ఉండేది. ఆమెది సినిమా బతుకు, మామూలు ఇళ్లకీ దానికీ పోలికేంటి అనిపించొచ్చు. పోలిక ఉంది. బడి మానడం ఆమె నిర్ణయం కాదు. పెళ్లి ఆమె నిర్ణయం కాదు. ఆఖరికి తెరమీద ఎలా కనిపించాలన్నదీ పెద్దగా ఆమె చేతిలో లేదు. నింద మాత్రం పూర్తిగా ఆమెదే! నిర్ణయం ఒకరిది, నింద ఇంకొకరిది... ఇది ప్రతి వీధిలోనూ ఉన్న సంగతే.

చెబితే చదువు మాన్పిస్తారు

ఈ రెండు నాలుకల పద్ధతి వల్ల జరిగే అసలు నష్టం ఇల్లు దాటి బయటికి రాదు. ఉదాహరణకి ఒకటి. బస్సులో ఓ కుర్రాడు వెంటపడి విసిగిస్తున్నాడు. లేదా ఫోనులో తెలియని నంబరు నుంచి అసహ్యమైన మెసేజీలు వస్తున్నాయి. ఆ పిల్ల మొదట ఎవరికి చెప్పాలి? అమ్మకో నాన్నకో చెప్పాలి. చాలామంది చెప్పరు. భయం ఆ కుర్రాడి గురించి కాదు... ఇంట్లో వాళ్లు ఏం చేస్తారోనని!

'రేపట్నుంచి కాలేజీ వద్దు' అంటారు. ఫోను లాక్కుంటారు. 'నువ్వు ఏదో అలుసు ఇవ్వకపోతే వాడికెందుకంత ధైర్యం?' అంటారు. ఇంకో రెండు నెలల్లో ఎవరో దూరపు బంధువు సంబంధం తెస్తాడు. తప్పు చేసినవాడు మర్నాడు కూడా అదే బస్సెక్కుతాడు. దిగిపోయేది ఆ పిల్ల.

అందుకే ఆ పిల్ల లెక్క వేసుకుంటుంది. చెబితే చదువు పోతుంది, చెప్పకపోతే భయం మిగులుతుంది. భయాన్నే భరిద్దాం అనుకుంటుంది. విసిగించేవాడికి కావాల్సిందీ అదే. ఆ మౌనమే వాడి బలం. తీరా సంగతి ముదిరి బయటపడ్డాక 'ముందే ఎందుకు చెప్పలేదే?' అని అదే ఇల్లు అడుగుతుంది. చెప్పడానికి దారి మూసిందీ, చెప్పలేదని నిందించేదీ ఒకే ఇల్లు.

తల్లిదండ్రుల భయాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. పొద్దుపోయాక హైవే మీద బస్సు దిగి చీకట్లో నడిచి రావాల్సిన కూతురి కోసం గేటు దగ్గర నిలబడే నాన్న భయం నిజమైనదే. కానీ ఆ భయానికి మందుగా చేసే పనే అసలు జబ్బుకంటే చేటు చేస్తోంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయిపోయింది. దేశం సగటు 23.3 శాతం. ఇంజినీరింగు కాలేజీలకి, సాఫ్ట్‌వేర్ అమ్మాయిలకి పేరుపడ్డ రాష్ట్రంలో ఇదీ పరిస్థితి! ఇలాంటి పెళ్లిళ్లన్నీ మూర్ఖత్వంతో జరిగినవి కావు. పేదరికం ఒక కారణం. 'ఏదైనా జరగకముందే ఓ అయ్య చేతిలో పెట్టేద్దాం' అన్న భయం ఇంకో కారణం. జరగకూడనిది జరుగుతుందేమోనని పిల్లకి జరగాల్సినదాన్ని ఆపేయడమన్నమాట.

ఫోను సంగతీ అంతే. హాల్ టికెట్టు ఫోనులోనే, స్కాలర్‌షిప్ ఓటీపీ ఫోనులోనే, బస్సు ఎక్కడుందో తెలిసేదీ ఫోనులోనే. అదే సర్వేలో, తాము సొంతంగా వాడుకునే ఫోను ఉందని చెప్పిన ఆడవాళ్లు మన రాష్ట్రంలో 48.9 శాతం. అంటే సగం కూడా కాదు. అన్నయ్య ఫోనుకి ఓటీపీ వస్తే, అన్నయ్య ఇంట్లో లేని రోజున ఆ పిల్ల దరఖాస్తు ఆగిపోతుంది.

అనుమతా? హక్కా?

ఇక్కడికొచ్చేసరికి అసలు ముడి ఎక్కడుందో తెలుస్తుంది. చదువు, ఫోను, ఉద్యోగం... ఇవన్నీ ఆడపిల్లకి ఇచ్చాం. నిజమే. కానీ అనుమతిగా ఇచ్చాం. అనుమతికి ఒక గుణం ఉంది. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. మగపిల్లాడి చదువు ఫెయిలైతే ఆగుతుంది. ఆడపిల్ల చదువు ఎవరో ఏదో అన్నా ఆగుతుంది. అందుకే ఆ పిల్ల ప్రతి ఒక్కరినీ మెప్పిస్తూ ఉండాలి. అమ్మ చెప్పినట్టూ ఉండాలి, దానికి విరుద్ధంగా కాలేజీ చెప్పినట్టూ ఉండాలి. ఎవరి మనసు నొచ్చుకున్నా టికెట్టు రద్దయిపోతుంది మరి.

ఆస్తి విషయంలో మన రాష్ట్రం ఈ పాఠాన్ని ఎప్పుడో నేర్చుకోవాల్సింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకీ కొడుకులతో సమానంగా వాటా ఇచ్చారు. అప్పటికే పెళ్లయినవాళ్లకి మాత్రం వర్తించలేదు. 2005లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. పెళ్లయిందా కాలేదా అన్న తేడా తీసేసింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి పుట్టుకతోనే హక్కు ఉంటుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

కాగితం మీద ఇంత గట్టి హక్కు ఉండి కూడా ఏం జరుగుతోంది? 'దానికి పసుపు కుంకుమ కింద ఇచ్చేశాంగా, ఇంకేం వాటా?' అంటారు. అడిగితే 'అన్నదమ్ముల మీద కోర్టుకెక్కింది' అంటారు. అడక్కపోతే 'బంగారు తల్లి' అంటారు. కట్నం 1961 నుంచి నేరం. అది మాత్రం అడక్కుండానే ఇస్తారు. వాటా ఆమె హక్కు. దాన్ని అడిగినా ఇవ్వరు! కట్నం వెళ్లేది పెళ్లికొడుకు ఇంటికి. వాటా ఉండేది ఆమె పేరు మీద. తేడా అక్కడే ఉంది. చేతిలో ఏదో ఒకటి ఉన్న పిల్లని 'ఇంటికి రావద్దు' అని ఎవరూ భయపెట్టలేరు.

ఏం చెయ్యాలి?

ఊరందరినీ మార్చడం ఒక్క ఇంటికి సాధ్యం కాదు. 'నలుగురూ' అనేవాళ్లు రేపూ ఉంటారు. కానీ ఆ నలుగురి మాటని గుమ్మం దగ్గరే ఆపడం మాత్రం ఇంటివాళ్ల చేతిలోనే ఉంది.

మొదటిది, ఒక మాట ఇవ్వడం. 'ఏం జరిగినా సరే, నీ కాలేజీ మాత్రం ఆగదు' అని కూతురికి ముందే చెప్పాలి. ఏదో జరిగాక చెబితే కాదు, ఏమీ జరగనప్పుడే. ఈ ఒక్క మాట ఉంటే, ఆ పిల్ల మొదటి మెసేజీ వచ్చిన రోజునే నోరు విప్పుతుంది. ఆ తర్వాత 112కో, మహిళల కోసం ఉన్న 181కో, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లయితే 1098కో ఫోను చేయడం పెద్ద పని కాదు. పోలీసుల దాకా వెళ్లాలా వద్దా అన్నది తర్వాతి మాట. ఇంట్లో చెప్పగలగడం మొదటి మాట.

రెండోది, ఆమె పేరు మీద ఓ ఫోను నంబరు, ఓ బ్యాంకు ఖాతా. స్కాలర్‌షిప్ అందులోనే పడాలి. మొదటి జీతమూ అందులోనే పడాలి.

మూడోది, కొడుకుని కూడా అదే కొలతతో కొలవడం. 'ఆరింటికి ఇంటికి రా' అన్నది భద్రత కోసమే అయితే, ఆ మాట బస్టాండు దగ్గర కూర్చుని వచ్చేపోయే పిల్లల్ని చూసే కొడుక్కి ఇంకా ముందు చెప్పాలి. పళ్లెం తీసి కడిగే పని ఇద్దరికీ ఒకే వయసులో నేర్పితే, ఆ 289కీ 88కీ మధ్య దూరం వచ్చే తరానికైనా కాస్త తగ్గుతుంది.

నాలుగోది, పెళ్లి మాట వచ్చినప్పుడు చివర్లో కాకుండా మొదట్లోనే ఆమెను అడగడం. సంబంధం ఖాయం చేసుకుని వచ్చి 'నీకిష్టమేనా తల్లీ?' అంటే అది అడిగినట్టు కాదు. కాదనడానికి వీలున్నప్పుడు అడిగితేనే అడిగినట్టు.

సాయంత్రం ఆరు దాటుతుంది. ఏలూరు నుంచి వచ్చిన బస్సు భీమడోలు సెంటర్లో ఆగుతుంది. పొద్దున్న ఎక్కిన పిల్లలే బ్యాగులు భుజాన వేసుకుని దిగుతారు. కాస్త ఆలస్యమైంది. ఒకరిద్దరు అడుగు వేగం పెంచుతారు, మనసులో సమాధానాలు వెతుక్కుంటూ. 'ఎందుకింత లేటు?' అన్నది ఏ ఇంట్లోనైనా అడిగే ప్రశ్నే. దాని బదులు ఒక్కరోజు 'బస్సులో చోటు దొరికిందా అమ్మా? ఏమైనా తిన్నావా?' అని అడిగి చూస్తే...

ఆ పిల్ల కాసేపు ఆశ్చర్యపోతుంది. తర్వాత, ఎప్పుడూ చెప్పనివి కూడా చెబుతుంది.